ఇంట్లో సొంత సర్వర్: నల్గొండ, పాలమూరు ఇళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి సొంత సర్వర్ (ఎప్పుడూ నడుస్తూ ఇంట్లోవాళ్లకు ఫైళ్లు, యాప్‌లు అందించే కంప్యూటర్) గురించి అడిగేవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చల్లటి ఊళ్లలో, కరెంటు పోని ఇళ్లలో ఉండేవాళ్లు రాసినవి. మన దగ్గర సర్వర్‌ను పాడుచేసేవి మే నెల ఎండ, ఊగే వోల్టేజీ, సరిగా లేని ఎర్తింగ్. కాబట్టి వాటికి ఎక్కువ చోటిచ్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనేముందు

గూగుల్ ఫోటోస్ ఉంది కదా, ఇంట్లో సర్వర్ ఎందుకు?

గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1 నుంచి పోయింది. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి 15 జీబీ. ఇంట్లో ఒక్క పెళ్లి జరిగితే ఆ వీడియోలకే చాలదు. తర్వాత నెలనెలా కడుతూ పోవాలి. సొంత సర్వర్ ఉంటే ఇంటిల్లిపాది ఫోటోలు, భూమి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, సినిమాలు ఇంట్లోనే ఉంటాయి. చదువుకునే పిల్లలకు ఇంకో లాభం: లైనక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), నెట్‌వర్కింగ్, స్టోరేజ్ చేతులతో నేర్చుకుంటారు. సొంత ఇంట్లో ఒక సర్వీస్‌ను ఏడాది పాటు నడిపిన కుర్రాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి నిజమైన విషయం ఉంటుంది.

అయితే నెలకు కనీసం ఒక గంట దీనికి ఇవ్వలేనివాళ్లు, సెట్టింగులంటే విసుగు వచ్చేవాళ్లు డబ్బు కట్టి క్లౌడ్ (గూగుల్ లాంటి కంపెనీల సర్వర్లలో చోటు) తీసుకోవడమే మేలు. పట్టించుకునేవాళ్లు లేని సర్వర్‌లో ఫోటోలు పెట్టడం కంటే అదే క్షేమం.

పాత ల్యాప్‌టాప్ ఉంది. దాంతోనే షురూ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, మొదటి ఆరు నెలలకు అంతకంటే మంచి దారి లేదు. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఉంటే చాలు. కరెంటు పోయినా బ్యాటరీ మీద కాసేపు నడుస్తుంది.

జాగ్రత్త ఆ బ్యాటరీ దగ్గరే. ఏడాదంతా చార్జర్‌కు తగిలించి, వేడి గదిలో ఉంచితే లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. బయోస్‌లోనో (మెషీన్ లేవగానే వచ్చే సెట్టింగుల తెర) కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనో చార్జింగ్‌ను 60 నుంచి 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. లేకపోతే బ్యాటరీ తీసేసి, బయట యూపీఎస్ మీద నడపండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే అప్పటికే ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేయండి, దాన్ని పొడవడం, వంచడం చేయొద్దు. మూత మూసినా నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చండి, కానీ వేడి కీబోర్డు వైపు నుంచి బయటికి పోయే మోడల్ అయితే మూత తెరిచే ఉంచండి.

మినీ పీసీనా, రాస్బెర్రీ పైనా, పాత కంపెనీ సర్వరా?

ఆఫీసుల నుంచి బయటికొచ్చిన మినీ పీసీ. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, ఈ మూడింట్లో ఏదైనా సరే. ఇంటెల్ 8వ తరం లేదా ఆ తర్వాతిది, ప్రాసెసర్ పేరు చివర టీ అక్షరం ఉన్నది చూడండి. అవి 35 వాట్ల రకం. పని లేనప్పుడు మెషీన్ మొత్తం 10 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. వీడియో మార్చే పని చేసే క్విక్ సింక్ కూడా అందులోనే ఉంటుంది. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 పెట్టెలు బాగుంటాయి.

రాస్బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ చిన్న పనులకు మంచిదే, కానీ దానికి అడాప్టర్, కేస్, ఎస్ఎస్‌డీ కలిపేసరికి పాత మినీ పీసీ ధరకు దగ్గరపడుతుంది. మెమరీ కార్డు మీదే ఏళ్లతరబడి నడిపితే ఆ కార్డు ఒకరోజు చచ్చిపోతుంది. ఇక డెల్ ఆర్720 లాంటి 2012 నాటి ర్యాక్ సర్వర్లు చవగ్గా దొరికినా కొనొద్దు. ఊరికే ఉన్నా వంద వాట్లకు పైగా తింటాయి, ఫ్యాన్ల మోతకు పక్క గదిలో నిద్ర పట్టదు.

సెకండ్ హ్యాండ్ ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి?

మన జిల్లాలవాళ్లకు తెలిసిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ. బస్సెక్కి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి. లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి దుకాణంలోనే బూట్ చేయండి. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో చూడండి. ఉంటే అది తీసి ఇచ్చేదాకా డబ్బు ఇవ్వొద్దు. డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) కనిపిస్తుంది. అడాప్టర్ ఒరిజినలేనా, దాని మీది వాట్లు మెషీన్‌కు సరిపోతాయా చూసుకోండి. బిల్లు మీద నెల వారంటీ అయినా రాయించుకోండి.

ర్యామ్, స్టోరేజ్ ఎంత?

16 జీబీ ర్యామ్ సుఖంగా ఉంటుంది, 8 తో మొదలుపెట్టొచ్చు. స్టోరేజ్ మీ ఇంట్లో ఇప్పుడున్న ఫోటోలు, వీడియోలు మొత్తం ఎంతో లెక్కేసి దానికి మూడింతలు తీసుకోండి. బ్యాకప్ డిస్క్ డబ్బు ముందే పక్కన పెట్టాకే మెషీన్ బడ్జెట్ చూడండి.

## కరెంటు, ఎండ, దుమ్ము

నెలకు కరెంటు బిల్లు ఎంత పెరుగుతది?

వాట్లను 0.72 తో గుణిస్తే నెల యూనిట్లు వస్తాయి. 10 వాట్ల మినీ పీసీ నెలకు 7 యూనిట్లు. దానికి రౌటర్, రెండు డిస్కులు కలిపి 30 వాట్లయితే సుమారు 22 యూనిట్లు. వంద వాట్ల పాత సర్వరైతే 72.

మన దగ్గర ఈ లెక్క ఇంకో కారణానికి ముఖ్యం. గృహజ్యోతి కింద ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా; దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో కూలర్, ఫ్రిజ్, బోరు మోటరుతో ఇప్పటికే 180 కి వచ్చే ఇంట్లో ఈ 22 యూనిట్లే గీత దాటిస్తాయి. గృహజ్యోతి లేని ఇంట్లో కూడా 200 దాటితే స్లాబు మారి, ముందు కాల్చిన యూనిట్ల రేటు కూడా పెరుగుతుంది. కాబట్టి కొనేముందే గత మే నెల బిల్లు తీసి చూడండి. ప్లగ్గుకు తగిలించే పవర్ మీటర్ ఒకటి కొనుక్కుంటే మీ పెట్టె నిజంగా ఎన్ని వాట్లు తీసుకుంటోందో తెలుస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. వేరే యూపీఎస్ కావాలా?

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అనే మీట ఉందా చూడండి. చాలా మోడళ్లకు వెనకవైపో పక్కనో ఉంటుంది. సాధారణ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు పట్టే క్షణంలో ఫ్యాన్, లైటు ఆగినట్టే తెలియదు కానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ వ్యవధి బాగా తగ్గుతుంది, మినీ పీసీలు మామూలుగా నిలబడతాయి. మెయిన్ స్విచ్ ఆపి, వేసి, నాలుగైదుసార్లు మీరే పరీక్షించండి. సర్వర్‌లో అసలు డేటా పెట్టకముందే ఈ పరీక్ష చేయాలి.

ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ తీసుకోండి. అందులో ఉండేది సాధారణంగా 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. నష్టాలు పోను 20, 25 వాట్ల సామానును గంటకు పైగానే మోస్తుంది. యూఎస్‌బీ పోర్టు ఉన్న మోడల్ అయితే ఇంకా మేలు: ఎన్‌యూటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుంది. మన వేడికి, రెండేళ్లు దాటిన యూపీఎస్ బ్యాటరీని నమ్మొద్దు. రౌటర్‌ను, ఫైబర్ పెట్టెను కూడా అదే యూపీఎస్ మీద పెట్టడం మర్చిపోవద్దు.

కరెంటు వచ్చిన వెంటనే సర్వర్ లేస్తది, మళ్లీ పడిపోతది. ఎందుకు?

ఊళ్లలో, పొలాలకు దగ్గరి కాలనీల్లో ఇది తరచూ కనిపిస్తుంది. బోరు మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు ఉంటాయి. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. మొదలయ్యేటప్పుడు మోటరు మామూలుకంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, దాంతో వోల్టేజీ కిందికి పడుతుంది. సరిగ్గా అదే సమయంలో మీ సర్వర్ లేచి డిస్కులు తిప్పడం మొదలుపెడుతుంది. డిస్కులకు, ఫైల్ సిస్టమ్‌కు ఇది చెడ్డ సమయం.

సర్వర్‌ను నేరుగా గోడ ప్లగ్గు మీద ఉంచకుండా యూపీఎస్ ద్వారా నడపండి. లైన్ ఇంటరాక్టివ్ రకంలో స్టెబిలైజర్ పని కూడా కొంత ఉంటుంది. కరెంటు వచ్చాక ఐదు, పది నిమిషాలు ఆగి లైన్ ఇచ్చే టైమ్ డిలే పరికరాలు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి, ఫ్రిజ్‌లకు వాడేవే. గోడ ప్లగ్గుకు, యూపీఎస్‌కు మధ్య అది పెట్టుకుంటే ఆ మొదటి కుదుపు దాటిపోతుంది. బయోస్‌లో కరెంటు రాగానే మెషీన్ తనంతట తాను లేచే సెట్టింగ్ మాత్రం తప్పకుండా పెట్టండి.

బాక్స్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ప్రమాదమా?

ఎర్తింగ్ లేదని చెప్పే గుర్తు అది. కంప్యూటర్ పవర్ సప్లైల్లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది, కానీ లోపల ఇంకేదైనా షార్ట్ అయిన రోజు కాపాడేది ఏదీ ఉండదు. నెట్‌వర్క్ పోర్టులు, యూఎస్‌బీ డిస్కులు కూడా దీనివల్ల పాడవుతాయి.

ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టి చూపించుకోండి. ఫేజ్ నుంచి న్యూట్రల్‌కు ఎంత వస్తుందో, ఫేజ్ నుంచి ఎర్త్‌కూ దాదాపు అంతే రావాలి. న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్త్ గుంత ఉన్న ఇళ్లలో కూడా ఎండాకాలం సమస్య వస్తుంది: మన రాతి నేల ఎండిపోతే నిరోధం పెరిగిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సాకెట్ లోపలే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు వైరుతో కలిపేస్తే జివ్వుమనడం ఆగిపోతుంది, కొందరు అలా చేసి వెళ్లిపోతారు. ఏ రోజైనా ఆ న్యూట్రల్ తెగితే సర్వర్ బాడీ మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటారు. ఆ పని ఎవరినీ చెయ్యనివ్వొద్దు, చేసి ఉంటే తీయించండి.

మే నెలలో 45 డిగ్రీల ఎండ. ఏసీ లేకుండా తట్టుకుంటదా?

మినీ పీసీ తట్టుకుంటుంది, పెట్టిన చోటు మంచిదైతే. ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి కాబట్టి కాలిపోవు. ముందుగా దెబ్బతినేది తిరిగే హార్డ్ డిస్క్. చాలా డిస్కులకు కంపెనీ చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు, నేను మాత్రం 50 దాటనివ్వను. గది 42 ఉండి, డిస్క్ మూసిన డబ్బాలో ఉంటే ఆ 50 కి చేరడం తేలిక.

డాబా మీది గది, పడమటి గోడ, సజ్జ మీది మూల, ఈ మూడూ వద్దు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుంది, ఆ వేడంతా పైకప్పు దగ్గరే ఉంటుంది. కింది అంతస్తులో, ఉత్తరపు గదిలో, నేల నుంచి అడుగు ఎత్తున పెట్టండి. వెనకాల జానెడు ఖాళీ ఉంచండి. చెక్క అల్మారాలో పెట్టి తలుపు మూయొద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బయోస్‌లో టర్బో (ప్రాసెసర్ కాసేపు వేగం పెంచుకునే పద్ధతి) ఆపేస్తే వేడి బాగా తగ్గుతుంది, ఫోటోలు చూసుకునే పనికి తేడా తెలియదు. ముఖాల గుర్తింపు, వీడియో మార్పిడి లాంటి బరువు పనులను తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య పెట్టండి.

కూలర్ గాలి నేరుగా తగిలేలా మాత్రం పెట్టొద్దు. ఆ గాలిలో తేమ, తుంపర్లు ఉంటాయి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కూలర్ జాలీ మీద పేరుకునే తెల్లటి పొరే బోర్డు మీదా పడుతుంది. మామూలు టేబుల్ ఫ్యాన్ ఎంతో నయం.

దుమ్ము, బల్లులు, చీమలు?

మూడు నెలలకోసారి ఆపి, తెరిచి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. జిన్నింగ్ మిల్లులకు దగ్గరున్న ఇళ్లలో పత్తి నూగు హీట్‌సింక్ మీద గుడ్డలా పేరుకుంటుంది. అక్కడ నెలకోసారి చూడాలి. వెచ్చదనానికి బల్లులు, చీమలు పెట్టెలోకి చేరతాయి. పెద్ద కన్నాలకు సన్నటి దోమజాలీ అంటించండి. లక్ష్మణరేఖ గీత పెట్టె చుట్టూ బల్ల మీద గీయొచ్చు, పొడి లోపలికి పోకూడదు.

ఉరుములు మెరుపుల వాన వస్తే ఏం చెయ్యాలి?

ఫైబర్‌లోని గాజు పోగులో పిడుగు కరెంటు రాదు. వచ్చేది డాబా మీది సీసీ కెమెరా నుంచి దిగే ల్యాన్ కేబుల్‌లో, కరెంటు లైన్‌లో. మే చివరి, జూన్ మొదటి గాలివానల్లో మబ్బు పట్టగానే కెమెరా కేబుల్‌ను నెట్‌వర్క్ స్విచ్ (ల్యాన్ కేబుళ్లను కలిపే పెట్టె) నుంచి ఊడదీయండి. కెమెరాలు ఒక స్విచ్ మీద, సర్వర్ ఇంకో స్విచ్ మీద పెట్టి రెండింటి మధ్య చిన్న ఫైబర్ ముక్క వేసే పద్ధతి ఉంది. మీడియా కన్వర్టర్లు (ల్యాన్ కేబుల్‌ను ఫైబర్‌కు కలిపే పెట్టెలు) రెండు కావాలి, పెద్ద ఖర్చేమీ కాదు.

## మొదటి అమరిక

ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాలి?

ఒక్క మెషీన్ ఉంటే డెబియన్ అనే లైనక్స్, దాని మీద డాకర్ (ఒక్కో యాప్‌ను విడి డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్). వర్చువల్ మెషీన్లు (ఒకే పెట్టెలో సాఫ్ట్‌వేర్‌తో చేసే వేర్వేరు కంప్యూటర్లు) చేస్తూ చెరుపుతూ నేర్చుకోవాలంటే ప్రాక్స్‌మాక్స్. అదీ డెబియన్ మీద కట్టిందే. ఏదైనా ఒకటి తీసుకుని ఆరు నెలలు మార్చకండి.

ముందుగా ఏ యాప్‌లు?

ఫోటోలకు ఇమ్మిచ్, కాగితాలకు పేపర్‌లెస్, సినిమాలకు జెల్లీఫిన్. ఒకటి పెట్టి నెల రోజులు నిలబడ్డాకే రెండోది పెట్టండి. సొంత మెయిల్ సర్వర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటి కనెక్షన్లలో 25వ పోర్టు (మెయిల్ పంపే దారి) చాలావరకు మూసి ఉంటుంది, తెరిచి ఉన్నా ఇంటి ఐపీ (నెట్ చిరునామా) నుంచి పోయిన మెయిల్ స్పామ్‌లోకే పోతుంది.

నేను ప్రయోగాలు చేస్తుంటే ఇంట్లోవాళ్ల ఫోటోలు పోకుండా ఎట్లా?

అన్ని ప్రశ్నల్లో ఇదే పెద్దదని నా ఉద్దేశం. నేర్చుకునే ల్యాబ్ చెడిపోవాలి, అప్పుడే నేర్చుకుంటాం. అమ్మ ఫోన్ నుంచి ఫోటోలు వచ్చి చేరే చోటు చెడిపోకూడదు. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఏదో ఒక రాత్రి ఢీకొంటాయి.

వీలుంటే రెండు పెట్టెలు: పాత ల్యాప్‌టాప్ ప్రయోగాలకు, మినీ పీసీ ఇంటికి. ఒక్కటే ఉంటే ప్రాక్స్‌మాక్స్ వేసి ఇంటి సర్వీసులన్నీ ఒక వర్చువల్ మెషీన్‌లో, ప్రయోగాలు ఇంకోదాంట్లో పెట్టండి. ఫోటోల డిస్క్ ప్రయోగాల మెషీన్‌కు కనిపించనే కూడదు. ఇంటి మెషీన్‌లో ఏ మార్పు చేసినా ముందు స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లగలిగేలా ఆ క్షణపు ప్రతి) తీయండి. ఇమ్మిచ్‌లో నమ్మకం కుదిరి, బ్యాకప్ నుంచి ఒక్కసారైనా తిరిగి తెచ్చి చూసేదాకా ఎవరి ఫోన్లోనూ ఫోటోలు తుడిచెయ్యొద్దు.

పై-హోల్ పెట్టినప్పటి నుంచి అప్పుడప్పుడు ఇంట్లో నెట్ మొత్తం పోతోంది

ప్రకటనలు ఆపే పై-హోల్ ఇంటి మొత్తానికి డీఎన్ఎస్ (సైటు పేరుకు నెట్ చిరునామా) చెప్పే పని తీసుకుంటుంది. అది ఆగితే నెట్ ఉన్నా ఏ సైటూ తెరుచుకోదు. రౌటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా బయటిది పెడితే సరిపోదు. చాలా పరికరాలు రెండింటినీ కలిపి వాడతాయి కాబట్టి ప్రకటనలు మళ్లీ వస్తాయి. పాత రాస్బెర్రీ పై మీద రెండో పై-హోల్ పెట్టి, రెండు చిరునామాలూ రౌటర్‌లో ఇవ్వడం సరైన దారి. అంత ఓపిక లేకపోతే మీ ఫోన్, మీ ల్యాప్‌టాప్ వరకే దాన్ని వాడుకోండి.

విండోస్‌లో తెరుచుకునే తెలుగు పేర్ల ఫైళ్లు సర్వర్‌కు కాపీ కావట్లేదు

లైనక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, కానీ యూటీఎఫ్-8 లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. గుణింతం, ఒత్తు వేరే సంకేతాలు కాబట్టి క్ష్మి లాంటి ఒక్క అక్షరమే 18 బైట్లు తీసుకుంటుంది. అంటే 85 సంకేతాలు దాటిన తెలుగు పేరు పట్టదు. విండోస్ పరిమితి వేరేలా లెక్కిస్తుంది, అందుకే అక్కడ తెరుచుకుంటుంది. పేరు కుదించండి, వివరాలు ఫోల్డర్ పేర్లలోకి మార్చండి. పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే (రహస్య రాతగా మార్చే) బ్యాకప్ వాడితే పరిమితి ఇంకా తగ్గుతుంది. 40 సంకేతాల లోపు పెట్టుకుంటే చింత ఉండదు.

పట్టా పాసుబుక్కులు, పాత దస్తావేజులు స్కాన్ చేసి తెలుగులో వెతకొచ్చా?

అచ్చు తెలుగైతే వెతకొచ్చు. పేపర్‌లెస్ లోపల టెస్సరాక్ట్ అనే అక్షరాలు చదివే ఇంజిన్ ఉంటుంది, దానికి తెలుగు వచ్చు. మొదట్లో తెలుగు పెట్టి ఉండదు కాబట్టి సెట్టింగ్‌లో తెలుగు ప్యాక్‌ను చేర్చి, రెండు భాషలూ చదవమని చెప్పాలి. 300 డీపీఐ తగ్గకుండా స్కాన్ చేయండి. చేతిరాత దస్తావేజులు, పాత ఉర్దూ పహాణీలు అది చదవలేదు. వాటికి సర్వే నంబరు, ఊరు, పట్టాదారు పేరు మీరే ట్యాగులుగా రాసుకోండి. అసలు కాగితాలు మాత్రం బీరువాలోనే ఉండాలి, స్కాన్ వాటికి బదులు కాదు.

## బయటి నుంచి చేరుకోవడం

పోర్ట్ ఫార్వర్డ్ (రౌటర్‌లో బయటి నుంచి సర్వర్‌కు దారి తెరవడం) చేసినా బయటి నుంచి రావట్లేదు

రౌటర్‌లో వాన్ ఐపీ (నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, లేదా నా ఐపీ ఏంటని నెట్‌లో చూస్తే వచ్చేదానికి అది వేరైతే, మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ఎన్నో ఇళ్లు కలిసి ఒకే ఐపీని పంచుకుంటున్నాయని అర్థం. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను స్టాటిక్ ఐపీ అడగొచ్చు, ఖర్చవుతుంది. ఇంటి పనికైతే అది అక్కర్లేదు, కింద చెప్పిన టెయిల్‌స్కేల్ చాలు.

టెయిల్‌స్కేలా, క్లౌడ్‌ఫ్లేర్ టనెలా?

ఇంట్లోవాళ్లకు టెయిల్‌స్కేల్. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (మీ పరికరాల మధ్య రహస్య దారి) మీద పనిచేస్తుంది, పోర్టు తెరవక్కర్లేదు, సీజీనాట్ అడ్డు రాదు. ప్రతి ఫోన్లో యాప్ వేయాలి, అంతే. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల గుండా పోయే టనెల్ అందరికీ కనిపించే వెబ్‌సైట్‌కు బాగుంటుంది, ఫోటోలకు కాదు. ఉచిత ప్లాన్‌లో ఒక్కసారికి 100 ఎంబీ మించి ఎక్కించనివ్వదు కాబట్టి పెద్ద వీడియోలు ఆగిపోతాయి. పైగా ట్రాఫిక్ వాళ్ల దగ్గర విప్పబడుతుంది. పబ్లిక్ ఐపీ ఉన్నా సరే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కు ఆదేశాలిచ్చే దారి), రిమోట్ డెస్క్‌టాప్, విండోస్ షేరింగ్ పోర్టులను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు.

నేను హైదరాబాద్‌లో ఉంటా, సర్వర్ నల్గొండలో అమ్మానాన్నల దగ్గర. ఆగిపోతే?

మన దగ్గర చాలామంది పరిస్థితి ఇదే. వంద కిలోమీటర్లు పోయి బటన్ నొక్కే అవసరం రాకుండా ముందే ఏర్పాట్లు చేయాలి. ఆఫీస్ మినీ పీసీల్లో కొన్నింటికి ఇంటెల్ వీప్రో ఉంటుంది. దాంతో ఓఎస్ చచ్చినా దూరం నుంచి స్క్రీన్ చూడొచ్చు, రీస్టార్ట్ చేయొచ్చు. ఆ దారి చేరుకోవడానికి ఇంట్లో టెయిల్‌స్కేల్ ఉన్న ఇంకో చిన్న పరికరం వెలుగుతూ ఉండాలి, రాస్బెర్రీ పై దానికి సరిపోతుంది. సర్వర్ ప్లగ్గుకు స్మార్ట్ ప్లగ్ పెడితే ఆఖరి ప్రయత్నంగా కరెంటు ఆపి వేయొచ్చు.

ఇవన్నీ ఉన్నా ఒక తెలుగు స్టిక్కర్ రాసి పెట్టె మీద అంటించండి: ఏ లైటు పచ్చగా ఉండాలి, ఏ బటన్ ఎన్ని సెకన్లు నొక్కాలి, ఏ వైరు పీకకూడదు. ప్లగ్గు మీద రంగు టేపు చుట్టండి. ఊడ్చేటప్పుడు పీకే ప్లగ్గు అదే అవుతుంది లేకపోతే. ఊరెళ్లినప్పుడు ఒకసారి నాన్నతోనే ఆపించి, వేయించి చూడండి.

## డిస్కులు, బ్యాకప్

రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

రెయిడ్ (డిస్కులను జతచేసి నడిపే పద్ధతి) ఒక డిస్క్ పోయినప్పుడు పని ఆగకుండా చూస్తుంది. మీరు పొరపాటున తుడిచిన ఫోల్డర్‌ను అది రెండు డిస్కుల మీదా అదే క్షణంలో తుడిచేస్తుంది. పిడుగు, దొంగ, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా అంతే. ఇంటికి రెయిడ్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక్క డిస్క్, దానికి రెండు బ్యాకప్‌లు అన్న ఏర్పాటు రెయిడ్ ఉండి బ్యాకప్ లేనిదానికంటే ఎంతో నయం.

బ్యాకప్ ఎట్లా పెట్టుకోవాలి?

మూడు ప్రతులు, రెండు వేర్వేరు పరికరాలు, ఒకటి వేరే ఇంట్లో. మొదటిది సర్వర్. రెండోది యూఎస్‌బీ డిస్క్. రెస్టిక్ లేదా బోర్గ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో రాత్రిపూట తానే కాపీ అయ్యేలా. మూడోదానికి మన కుటుంబాలే మంచి వసతి: మహబూబ్‌నగర్‌లో అక్కావాళ్ల ఇంట్లోనో, మిర్యాలగూడలో మేనమామ ఇంట్లోనో ఒక చిన్న పెట్టె, డిస్క్. డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. మొదటి కాపీని మాత్రం నెట్‌లో పంపొద్దు: 500 జీబీని 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపితే 22 గంటలు, 20 అయితే 55 గంటలు. డిస్కును మీ ఇంట్లోనే నింపి పండక్కి వెళ్లినప్పుడు తీసుకెళ్లండి. ఆ తర్వాత రోజూ వెళ్లేది కొత్త ఫోటోలే.

ఇమ్మిచ్ వాడేవాళ్లు ఫోటోల ఫోల్డర్‌తోపాటు డేటాబేస్ డంప్‌ను (యాప్ రాసుకున్న వివరాల కాపీ) కూడా బ్యాకప్‌లో చేర్చాలి, లేకపోతే ఆల్బమ్‌లు, పేర్లు తిరిగి రావు. రెస్టిక్ పాస్‌వర్డ్ సర్వర్‌లోనే దాచుకుంటే సర్వర్ పోయిన రోజు బ్యాకప్ తెరుచుకోదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆర్నెల్లకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను తిరిగి తెచ్చి తెరిచి చూడండి.

డిస్క్ పోబోతోందని ముందే తెలుస్తదా?

చాలాసార్లు తెలుస్తుంది, అన్నిసార్లూ కాదు. స్మార్ట్ రిపోర్టులో 5వ నంబరు, 197వ నంబరు చూడండి. మొదటిది పాడై పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, రెండోది చదవలేక అనుమానంగా ఉంచినవి. 197 సున్నా దాటి అలాగే ఉన్నా, 5 వారంవారం పెరుగుతున్నా కొత్త డిస్క్ తెచ్చేయండి. కొనేటప్పుడు ఎస్ఎంఆర్ (డేటా వరుసలను ఒకదానిమీదొకటి ఎక్కేలా రాసే) రకం వద్దు, సీఎంఆర్ (విడివిడిగా రాసే రకం) అడగండి. ఎస్ఎంఆర్ డిస్కులు ఎక్కువ రాతల్లో నత్తనడక నడుస్తాయి, రెయిడ్‌లో ఇంకా ఇబ్బంది పెడతాయి.

## ఏళ్లతరబడి నడపడం

అప్‌డేట్లు ఎప్పుడు చెయ్యాలి?

ఓఎస్ భద్రతా అప్‌డేట్లు తమంతట తామే పడేలా పెట్టండి. యాప్‌లను మాత్రం నెలకో ఆదివారం, మార్పుల జాబితా చదివి, బ్యాకప్ తీశాక చేయండి. ఇంట్లో పెళ్లి, పుట్టినరోజు ఉన్న వారంలో ఏదీ ముట్టుకోవద్దు.

నేను అందుబాటులో లేకపోతే ఇంట్లోవాళ్లకు ఫోటోలు ఎట్లా అందాలి?

ఏడాదికోసారి ఫోటోలన్నీ మామూలు ఫోల్డర్లుగా, ఎన్‌క్రిప్షన్ లేకుండా, ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకునే ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీద తీసి బీరువాలో పెట్టండి. డాకర్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా టీవీకి పెట్టుకుని చూడగలగాలి.

రెండో మెషీన్ ఎప్పుడు కొనాలి?

మొదటిదాంట్లో ర్యామ్ చాలక కాదు, ఇంటి సర్వీసులు ఆపకుండా ప్రయోగం చేయలేకపోతున్నప్పుడు. క్లస్టర్ (మెషీన్లను ఒక జట్టుగా నడపడం) ఆలోచన ఉంటే ప్రాక్స్‌మాక్స్‌కు మూడు ఓట్లు కావాలని గుర్తుంచుకోండి; రెండు మెషీన్లతో ఒకటి ఆగగానే రెండోదీ మార్పులు ఒప్పుకోదు. మూడో ఓటుకు రాస్బెర్రీ పై చాలు.

పాత డిస్కు అమ్మేముందు ఏం చెయ్యాలి?

తిరిగే డిస్కైతే మొత్తం ఒకసారి సున్నాలతో నింపండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పట్టొచ్చు. ఎస్ఎస్‌డీకి అలా నింపడం సరిపోదు, డిస్కులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. అసలు తిరగడమే మానేసిన డిస్కును పాత సామాన్ల బండికి వేయొద్దు; మూత విప్పి పళ్లేల మీద డ్రిల్లుతో రంధ్రాలు చేశాక ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పళ్లేలు గాజువైతే పెంకులు ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి.